అడుగున ఉన్న బొమ్మలు

పసుపు మీద ఆకుపచ్చ చార ఉన్న చెక్క దిమ్మె నీటిలో తేలుతుంటే, దాని తాడుకు కట్టి అడుగుకు దించిన లాబ్‌స్టర్ రొయ్యల బోను మా ఆయనదని మా రేవులో అందరికీ తెలుసు. ఆ పైభాగంలో మెర్టన్ ఏనాడూ ఒక గీత అదనంగా గీయలేదు. బొమ్మలు వేయడానికి నీళ్లలో మునిగే అడుగుభాగమే ఆయనకు కావలసింది. ఆవు, చర్చి, పోస్టాఫీసులో పనిచేసే డోరిస్, అన్నీ అక్కడే. మనుషులెవరిని వేసినా మా రేవు రాళ్ల మీద పడుకునే సీల్ జంతువు లాగే వచ్చేవారు. ఏటా వసంతంలో నాచుతోపాటు వాటిని గీకేసి కొత్తవి వేసేవాడు.

"ఆ అడుగున ఎవడు చూస్తాడన్నా?" అనేవాడు ఆయన తమ్ముడు హార్లన్.

"లాబ్‌స్టర్లు చూస్తాయిరా."

"అందుకేనన్నమాట, నీ బోన్లోకి ఒక్కటీ రాదు!"

ఒక ఏడాది, వేసవికి మా ఊరొచ్చే ఒకావిడ పట్నంలో ఈ బొమ్మలతో ప్రదర్శన పెడతానంది. నేను గొప్పకు పోయి, ఆయన్ను అడగకుండానే పన్నెండు దిమ్మెలు ఇస్తామన్నాను.

ఆ రోజు నుంచి షెడ్డులో బొమ్మలు వేస్తూ ఆయన వేసే ఈల ఆగిపోయింది.

"లియోనా, ఈ ఆవు కాళ్లు సరిగ్గా ఉన్నాయా?" అని అడిగాడు. అంతకుముందు ఐదు కాళ్లొచ్చినా నవ్వుకుని ఊరుకున్న మనిషి. వేశాడు, తుడిచాడు, మళ్లీ తుడిచాడు. ఊరందరి బోన్లూ సముద్రంలోకి వెళ్లాయి. మావి ఒడ్డునే ఉన్నాయి.

నేను ఆవిడకు ఫోన్ చేశాను.

"బొమ్మలు లేవమ్మా. దిమ్మెలు నీళ్లలో వేసేశాం."

"అయ్యో, అన్నీనా?"

"అన్నీ."

నిజానికి అప్పటికి ఒక్కటీ నీళ్లలోకి దించలేదు. షెడ్డుకెళ్లి ఆయనతో, "ఆవిడకు వద్దని చెప్పేశాను. వేసుకో, ఎన్ని కాళ్లయినా" అన్నాను. ఆయన కుంచె తీసుకుని ఆవుకు ఐదో కాలు వేశాడు. గంటలో ఈల మొదలైంది.

పోయిన అక్టోబరులో మెర్టన్ పోయాడు. ఆయన బోన్లన్నీ హార్లనే ఒడ్డుకు తెచ్చాడు. ఒక దిమ్మె విడిగా పట్టుకొచ్చాడు.

"వదినా, ఇది నువ్వే."

"సీల్ కదరా."

"సీల్‌కు కళ్లజోడెందుకుంటుంది?"

చలికాలమంతా దాన్ని వంటింటి కిటికీలో పెట్టుకున్నాను. వసంతంలో హార్లన్, "దీన్ని మాత్రం గీకకు వదినా" అన్నాడు. గీకాను. ఆయనుంటే ఉంచేవాడా? పైన పసుపు, ఆకుపచ్చ పూశాను. అడుగున మెర్టన్ని వేద్దామని కూర్చున్నాను. సీల్ వచ్చింది.

హార్లన్ పడవలో పెట్టుకుంటూ తిప్పి చూశాడు. "అచ్చం అన్నే" అన్నాడు.