జాబితాలో లేని విషం

ఆ గులాబీరంగు మాత్రల మీద నోఎమీ అర్బెలాయెస్‌కు మొదటినుంచీ అనుమానమే. మనిసాలెస్ నగరపు ఫోరెన్సిక్ ల్యాబులో చేరిన నాటి నుంచి జుట్టు నెరిసేదాకా ఆవిడ పరీక్షించినవన్నీ మత్తు పదార్థాలే. పొట్లం విప్పగానే ఇది ఫలానా అని చెప్పగలిగిన రోజులుండేవి. ఈమధ్య ఆ ధీమా పోయింది. ఎక్కడో ఎవరో మందు నిర్మాణంలో ఒక కొస మార్చి కొత్తది వదులుతున్నారు. దాన్ని పట్టుకునేలోపు ఇంకోటి వస్తోంది.

ఈ మాత్రలు చించినా అనే ఊరి దగ్గర కాఫీ తోటలో జరిగిన ఒక పుట్టినరోజు విందులో దొరికాయి. మోటారు సైకిళ్లు బాగుచేసే ఎదిల్బెర్తో అనే కుర్రాడు అక్కడ ఒక మాత్ర మింగి, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఊపిరి వదిలేయబోయాడు. ఆస్పత్రికి చేర్చేసరికి పెదాలు నీలమయ్యాయి. డాక్టర్లు నల్లమందు జాతి మత్తుకిచ్చే విరుగుడు ఒకసారి ఇచ్చారు. కాస్త కదిలాడు, మళ్లీ మునిగిపోయాడు. ఆ జాతిదే అయిన ఫెంటనిల్ ఉందేమోనని కాగితం పట్టీతో పరీక్షిస్తే అందులో ఏమీ చూపించలేదు. దాంతో ఇది ఆ జాతి మందే కాదనుకొని విరుగుడు ఆపేశారు. తెల్లారేసరికి కుర్రాడు పోయాడు.

ల్యాబులో యంత్రం ఏ పదార్థాన్నైనా ముక్కలు చేసి, ఆ ముక్కల బరువుల్ని తనలో దాచిన నమూనాలతో సరిపోల్చి పేరు చెబుతుంది. ఈ మాత్రలో కెఫీన్ ఉందంది. జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ ఉందంది. ఆ రెంటి తరవాత తెర మీది గీత ఇంకోచోట చిన్నగా లేచింది. దాని దగ్గర మాత్రం సరిపోలింది లేదని చెప్పి ఊరుకుంది. కనిపించిన ముక్క ఒకే ఒక్కటి, దాని బరువు ఎనభై ఆరు. అలాంటి ముక్క వంద మందుల్లోంచి రాలుతుంది. దానితో ఫలానా అని తేల్చడమంటే, చెప్పు జాడ చూసి మనిషి పేరు చెప్పడమే. నోఎమీ వేడి మార్చి చూసింది, ద్రావకం మార్చి చూసింది. ఎన్నిసార్లు చేసినా అదే ముక్క, అదే మౌనం.

అందరూ గౌరవంగా దొన్ అని పిలిచే డైరెక్టరు గిల్దార్దో ఒకాంపో పిలిపించాడు. చెడ్డవాడేం కాదు, పేరుకుపోయిన కేసులకు భయపడే మనిషి.

"నిషేధిత పదార్థమేదీ లేదని రాసి పంపించండి డాక్టరమ్మా. కెఫీను, జ్వరం మందు. అంతేగా తేలింది?"

"కాఫీ తాగి, జ్వరం మాత్ర వేసుకుని ఎవరైనా ఊపిరాగి చస్తారా అండీ? చంపింది ఆ మూడోది."

"దానికి పేరుందా?"

"ఇంకా లేదు."

"పేరు లేనిది చంపిందని నేనెలా సంతకం పెట్టను, మీరే చెప్పండి."

ఆవిడకు ఒక ఊహ లేకపోలేదు. నల్లమందు కంటే ఎన్నో రెట్లు బలమైన నిటజీన్లనే జాతి ఒకటి ఉంది. ఆ పట్టీకి అవి చిక్కవు. ఊహ రుజువు కావాలంటే పోల్చి చూడ్డానికి అసలు నమూనా విదేశం నుంచి తెప్పించాలి. పంపడానికి అక్కడివాళ్లు ఒప్పుకున్నారు. రాజధాని బొగొతాలో దిగుమతి అనుమతులిచ్చే కార్యాలయం అడ్డుపడింది. ఇలాంటి పదార్థం దేశంలో తిరుగుతోందని ల్యాబు ముందు రుజువు చూపిస్తేనే దిగుమతికి అనుమతిస్తారట. నమూనా వస్తే గానీ రుజువు లేదు, రుజువుంటే గానీ నమూనా రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వరస. ఆవిడ ఫోన్లో అదే మాట నాలుగు రకాలుగా చెప్పింది. అవతలి గొంతు మర్యాదగా విని, మొదటి వాక్యమే తిరిగి అప్పజెప్పింది. నోఎమీ ఫోను పెట్టేసి, కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బల్ల సొరుగును దడాలున మూసింది.

ఆ వారంలోనే చనిపోయిన కుర్రాడి తల్లి దోన్యా రుబియేలా వచ్చింది. కొండ మీది చిప్రే పేటలో మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్ముతుందావిడ. కాపలావాడు లోపలికి రానివ్వకపోతే గేటు బయట గట్టు మీద కూర్చుంది. నోఎమీయే బయటికెళ్లింది.

"మావాడు ఏం మింగాడమ్మా?"

"ఇంకా తేలలేదు, దోన్యా రుబియేలా."

"ఆస్పత్రిలో గుండె అన్నారు. పోలీసులు మత్తన్నారు. మీ దగ్గర పెద్ద యంత్రాలున్నాయి, మిమ్మల్నడగమన్నారు. మీరూ తేలలేదంటే ఇంకెవరి గుమ్మం తొక్కమంటారు?"

మర్నాడే నోఎమీ ప్రాసిక్యూటరు హిమేనా బురితికా దగ్గరికెళ్లి, మాత్రల్లో కొంత భాగం కాలీ నగరపు విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లేలా జడ్జి ఆజ్ఞ ఇప్పించమని పట్టుబట్టింది. సాక్ష్యం ల్యాబు దాటితే రేపు కోర్టులో తిప్పలే అని హిమేనా నసిగింది. దాటకపోతే సాక్ష్యమే లేదు కదా అంది నోఎమీ. ఆజ్ఞ వచ్చింది.

సీలు వేసిన సీసాను ఒళ్లో పెట్టుకుని ఆవిడ బస్సెక్కింది. తోడుగా ఇచ్చిన పోలీసు ఎక్కగానే నిద్రపోయాడు. కాలీ విశ్వవిద్యాలయంలో ఆవిడతో చదువుకున్న అస్త్రిద్ ఉంది. ఆమె దగ్గర ఇంకో రకం యంత్రముంది. పెద్ద అయస్కాంతంలో పెట్టి, పదార్థాన్ని ముక్కలు చేయకుండానే దాని నిర్మాణం చూపిస్తుంది. గీతలు తెరమీదికి రాగానే ఇద్దరూ పెన్సిళ్లతో లెక్కలు వేసుకున్నారు. అక్కడ చేసిన మరో పరీక్షలో మొత్తం బరువు కూడా సరిపోయింది.

అస్త్రిదే ముందు తలెత్తింది. "నువ్వన్నదే నిజం నోఎమీ. నిటజీనే. ఒళ్లంతా పాతదే, ఒక కొస మాత్రం కొత్తగా తగిలించారు. కావాలని చేసిన పనే ఇది."

ఫలితం డైరెక్టరు సంతకం లేకుండా బయటికి పోకూడదని నియమం. నోఎమీకి ఆ నియమం తెలుసు. అయినా బస్టాండులోంచే మనిసాలెస్ ఆస్పత్రి అత్యవసర విభాగానికి ఫోన్ చేసింది. "పట్టీలో ఏమీ లేదని చూపించినా నమ్మకండి. ఒక్క డోసుతో ఆపకండి. ఊపిరి నిలబడేదాకా విరుగుడు ఇస్తూనే ఉండండి" అని చెప్పింది.

కొన్నాళ్లకే పక్క ఊరు విల్యామరియా నుంచి ఒక పిల్లను మోసుకొచ్చారు. అదే మాత్ర, అవే నీలం పెదాలు. డాక్టర్లు మళ్లీ మళ్లీ విరుగుడిచ్చారు, గొట్టం పెట్టి ఊపిరందించారు. పిల్ల బతికింది. ఆ సంగతి తెలిసిన రోజునే నోఎమీకి దొన్ గిల్దార్దో నుంచి మందలింపు కాగితం అందింది. చదివి బ్యాగులో పడేసుకుంది.

ఆ మాత్రలు అమ్మి పట్టుబడినవాడి పేరు ఉబెర్నెయ్. వాడి కేసు కోర్టుకు వచ్చింది. సాక్ష్యం ల్యాబు దాటిన సంగతే వాడి లాయరు ఎత్తలేదు. నోఎమీ పరీక్షను పొగిడాడు కూడా. పొగిడి, ఒక్క ప్రశ్న వేశాడు.

"డాక్టరమ్మా, తమరు ఇంత కష్టపడి కనిపెట్టిన ఈ పేరు చట్టంలోని నిషేధిత జాబితాలో ఉందాండీ?"

"లేదు. కానీ అదే జాతికి చెందిన..."

"ఈ పేరు ఉందా అని అడిగాను."

"లేదు."

జాబితాలో లేనిదాన్ని అమ్మడం నేరం కాదని కేసు కొట్టేశారు. ఎదిల్బెర్తో ప్రాణం తీసింది ఈ మాత్రేనని వేరే కేసు నడపడానికి శవం నుంచి తీసిన రక్తం చాలినంత మిగల్లేదు. ఉబెర్నెయ్ చొక్కా సర్దుకుంటూ బయటికి నడిచాడు.

మెట్ల మీద దోన్యా రుబియేలా కేకలు పెట్టలేదు. "పేరు దొరికితే సరిపోదన్నమాట. ఆ జాబితా ఎవరు రాస్తారమ్మా?" అంది.

"బొగొతాలో రాస్తారు."

"అయితే పదండి. నాకు దారి తెలీదు, మీకు తెలుసుగా."

వెళ్లారు. ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటిసారి జాబితా రాసే సంఘం ఇంకా కూర్చోలేదన్నారు. రెండోసారి కూర్చుంది గానీ ఈ విషయం ఎత్తలేదన్నారు. మూడోసారి ఒక అధికారి, ఇంతకీ మీరు చనిపోయినతనికి ఏమవుతారని అడిగాడు. తల్లినని చెప్పింది రుబియేలా. ఆయన వాళ్ల కాగితాలు అందుకుని లోపలికెళ్లాడు. వానాకాలం వెళ్లాక ఆ పేరు జాబితాకెక్కింది. చట్టం వెనక్కి చూడదు కాబట్టి ఉబెర్నెయ్ జోలికి ఎవరూ పోలేదు. ఈలోపు గులాబీరంగు మాత్రలు బజారులో కనిపించడం మానేశాయి. నీలంవి వస్తున్నాయి. వాటిలోనూ యంత్రం గుర్తుపట్టనిది ఒకటుంది.

ఈసారి నోఎమీ నేరుగా దొన్ గిల్దార్దో గదిలోకెళ్లి నిలబడింది. పేరు తెలియకపోతే తెలియదనే రాస్తాననీ, ఏమీ లేదని మాత్రం రాయననీ చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"రాస్తే పైవాళ్లు ఏమంటారో తెలుసా మీకు?"

"తెలుసండీ. నన్నే అననివ్వండి."

"గుర్తించని పదార్థం ఉంది, ప్రాణాపాయం కావచ్చు" అన్న వాక్యం కింద ఆయన సంతకం పెట్టాడు. ఆ ల్యాబు నుంచి అలాంటి నివేదిక వెళ్లడం అదే మొదలు. గొప్ప గెలుపేనన్నారు తోటివాళ్లు. నోఎమీకి అలా అనిపించలేదు. ఒక్క వాక్యం రాయించడానికి ఇన్నాళ్లు పట్టిందేమిటన్న మంటే మిగిలింది. నీలం మాత్రను గిన్నెలో వేసి నూరడం మొదలుపెట్టింది.