చాటల నడుమ సౌండు సెట్టింగు

ఎల్లారెడ్డిలో సంపత్ అంటే ఎవరని అడుగుతారు. గిటారు సంపత్ అంటే మాత్రం ఇల్లు చూపిస్తారు, కాకపోతే చూపిస్తూ కొంచెం నవ్వుతారు. ఆ నవ్వు ఎందుకో సంపత్‌కు తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండటం అతను పెళ్లయ్యాక నేర్చుకున్న విద్య.

పగలు అతను కామారెడ్డిలో మోటార్లు రివైండింగ్ చేసే దుకాణంలో పని చేస్తాడు. పొద్దున్నే బస్సెక్కి పోయి, సాయంత్రం చేతులకు వార్నిష్ వాసన అంటించుకొని వస్తాడు. తల్లి సాలవ్వ ఇంట్లో బీడీలు చుడుతుంది. భార్య రూత్ అంగన్‌వాడీలో ఆయా, ఆదివారాలు చర్చిలో పాడుతుంది. ఆమె గొంతెత్తిందంటే బయట బండి మీద పోయేవాళ్లు కూడా కాలు కింద పెట్టి ఆగుతారు. ఆ గొంతు పక్కన నిలబడి గిటారు వాయించడమే తన అసలు ఉద్యోగమని సంపత్ నమ్మకం. మోటార్లు కడుపు కోసం.

ఇంత చక్కటి ఏర్పాటును ఒక డబ్బా వచ్చి చెడగొట్టింది.

దాన్ని గిటారు వాయించేవాళ్లు ప్రాసెసర్ అంటారు. చూడటానికి కూర్చునే పీట అంత ఉంటుంది, పైన కాలితో నొక్కే బటన్లు, చేత్తో తిప్పే మరలు ఉంటాయి. లోపల కంప్యూటరు. మనిషెత్తు యాంప్లిఫయర్లు, వాటి కింద బీరువాల్లాంటి స్పీకరు పెట్టెలు, లోయలో అరిచినట్టుండే ఎకోలు, ఇవన్నీ ఎట్లా మోగుతాయో అది అట్లాగే మోగి చూపిస్తుంది. సంపత్ హైదరాబాద్ నుంచి తెప్పించుకొని నట్టింట్లో పెట్టగానే సాలవ్వ దాని మీద ఎక్కి నిలబడింది.

"నా బరువు ఏడ చూపెడుతది రా ఇందుల?" అని అడిగింది.

"అవ్వా, దిగు. అది తూకం మిషన్ కాదు."

"మరి ఎందుకు తెచ్చినవు?"

ఆ ప్రశ్నకు సంపత్ దగ్గర అప్పటికి మంచి జవాబే ఉండేది. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని 'స్టేడియం' అనే సౌండు నొక్కి ఒక్క తీగ మీటితే ఒళ్లు జలదరించేది. లక్షమంది చేతులెత్తి ఊగుతున్నట్టు ఉండేది. కళ్లు తెరిస్తే ఎదురుగా తునికాకు కట్టలు, అవ్వ.

మొదటి ఆదివారం ఆ స్టేడియంను చర్చికి మోసుకుపోయాడు. యూట్యూబులో ఒక పిల్లగాడు, డబ్బాలో స్పీకరు పెట్టె సౌండును ఆపేస్తే గిటారు అసలు రూపం బయటికొస్తుందని చెప్పాడు. ఆ పిల్లగాడు తన డబ్బాను నిజం గిటారు యాంపుకు కలిపి ఆ మాట చెప్పాడు. సంపత్ కలిపింది పాస్టరు అయ్యగారి ప్రసంగం కోసం కొన్న మైకు సెట్టుకు. రూత్ పల్లవి ఎత్తుకుంది, సంపత్ తీగ మీటాడు, మందిరంలోకి కందిరీగల తుట్టె దూరింది. వైరు కాలుతుందనుకొని ఎవరో పరుగెత్తి మెయిన్ ఆపేశారు.

సంఘపెద్ద ఏసయ్య మెల్లగా లేచాడు. సంఘపెద్ద మాత్రమే అయితే సంపత్ భయపడేవాడు కాడు, ఆయన రూత్ తండ్రి కూడా. ఒకప్పుడు హార్మోనియం వాయించిన మనిషి, కరెంటుతో మోగే దేన్నీ నమ్మడు. కానీ కూతురి పాట కోసం కీబోర్డును కూడా భరిస్తాడు.

"అల్లుడా, వచ్చే నెల కామారెడ్డిల వేసవి కూడికలు. చుట్టుపక్కల సంఘాలన్ని వస్తయి. మన తరఫున రూత్ పాడుతది," అన్నాడు. "అప్పటిదాంక నీ డబ్బా బుద్ధి తెచ్చుకోకుంటె ఆమె పక్కన సుందర్ కీబోర్డు కూసుంటది."

సుందర్ కీబోర్డు చాలా పనిమంతురాలు. తబలా, డోలు, వయొలిన్ అన్నీ అదే వాయించుకుంటుంది. సుందర్ ఒక వేలితో నొక్కి, ఖాళీగా ఉన్న చేత్తో జుట్టు సర్దుకుంటాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేకపోవడమే సంపత్ బాధ. రూత్‌ను అతను మొదట చూసింది పాటల ప్రాక్టీసులో. ఆమె తాను ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో ఈ అబ్బాయి అక్కడ తీగ పట్టుకొని ఆగుతున్నాడని గమనించి, పెళ్లికి ఒప్పుకుంది. ఆ చోటు పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుందో సంపత్‌కు తోచలేదు. నిజంగా భయపడ్డాడు.

కందిరీగల సంగతి తొందరగానే తేలింది. ఆపేసిన స్పీకరు పెట్టె సౌండును మళ్లీ వేయగానే అవి ఎగిరిపోయాయి. కానీ హెడ్‌ఫోన్స్‌లో తేనెలా ఉన్నది మైకు సెట్టులో బురదలా వచ్చేది. సరే, చర్చిలోనే కూర్చొని సరిచేద్దామని శనివారాలు తాళంచెవి అడిగి తీసుకున్నాడు. ఖాళీ మందిరంలో సున్నం గోడల మధ్య గిటారు గణగణ మోగితే, ఎకో తగ్గించి, పదును తగ్గించి, తృప్తిగా ఇంటికొచ్చేవాడు. ఆదివారం జనం చాపల మీద కిక్కిరిసి కూర్చోగానే అదే సెట్టింగు గొంతు పట్టుకుపోయిన మనిషిలా మూలిగేది. మళ్లీ శనివారం, మళ్లీ ఆదివారం. ఏసయ్య సుందర్ వైపు చూడటం మొదలుపెట్టాడు.

జవాబు దుకాణంలో దొరికింది. ఒకరోజు బాగుచేసిన మోటారును బల్ల మీద తిప్పి చూసి, బాగానే ఉందని సంపత్ పక్కన పెట్టాడు. యజమాని రామస్వామి అటు పోతూ ఆగాడు.

"లోడు పెట్టి చూసినవా?" అని అడిగాడు.

"లే సేటూ, మంచిగనే తిరుగుతుంది."

"ఉత్తగ తిప్పితే అన్ని మంచిగనే తిరుగుతయి. బాయిల పంపు తగిలిస్తే తెలుస్తది."

ఏళ్ల తరబడి వింటున్న మాటే. ఆరోజు మాత్రం సంపత్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఖాళీ చర్చిలో గిటారు సరిచేయడమంటే లోడు లేకుండా మోటారు చూడటమే. చీరలు, శాలువలు, చాపలు, మనుషులు, అన్నీ సౌండును తాగేస్తాయి. లోడు కావాలి. శనివారం పూట మనుషులు కావాలి.

శనివారం పూట పనిలేకుండా కూర్చునే మనుషులు ఎల్లారెడ్డిలో దొరకరు. పని చేస్తూ కూర్చునేవాళ్లు దొరుకుతారు. సాలవ్వతో కలిసి బీడీలు చుట్టే ఆడవాళ్లంతా రేకుల వసారాలో ఉడికిపోతున్నారు. చర్చికి స్లాబు ఉంది, చల్లగా ఉంటుంది. పాస్టరుగారు ఆ శనివారం సదాశివనగర్‌లో పెళ్లికి పోతున్నారు, మామను కూడా వెంట తీసుకుపోతున్నారు. ఈ మూడు సంగతులూ ఒకేసారి మనసులోకి వచ్చేసరికి సంపత్‌కు తనమీద తనకే గౌరవం కలిగింది.

"గుడిల తంబాకా? నీకు గాలి సోకిందా?" అంది రూత్.

"అయ్యగారు వచ్చేసరికి ఊడ్చేస్త. చాయ్ తాపిస్తనని చెప్పిన, అందరు వస్తరు."

"మా బాపుకు తెలిస్తే?"

"తెల్వది," అన్నాడు సంపత్. ఈ మాట అన్నాక బయటపడకుండా ఉండిపోయిన సంగతి లోకంలో ఇంతవరకు లేదు.

అట్లా ఆ శనివారం మందిరం నిండింది. సాలవ్వ వెంట సత్యమ్మ, యాదవ్వ, వాళ్ల వెంట ఇంకా ఎంతోమంది, ఒడిలో ఆకు, తంబాకు పోసుకున్న చాటలతో చాపల మీద బారులు తీరి కూర్చున్నారు. రూత్ పాడింది. సంపత్ స్టేడియం నొక్కాడు. సత్యమ్మ కత్తెర ఆపి చెవులు మూసుకుంది.

"సంపతూ, ఆమె ఏం పాడుతుందో ఒక్క ముక్క వినబడితే ఒట్టు."

సంపత్ తగ్గించాడు. ఇప్పుడు గిటారు వినబడలేదు. పెంచాడు, రూత్ వినబడలేదు. ఇద్దరూ ఒకే గడపలోంచి ఒకేసారి దూరబోతున్నట్టుంది. అతను వంగి డబ్బా మీద మరలు తిప్పుతుండగా గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది. పెళ్లిలో భోజనాలు ఆలస్యమని అయ్యగారు ఆశీర్వదించి వచ్చేశారు. వెనక ఏసయ్య దిగాడు.

ఆడవాళ్లు క్షణంలో చాటల మీద కొంగులు కప్పుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ పాస్టరుగారి ముఖం వెలిగిపోయింది. శనివారం, పిలవకుండా, ఇంతమంది.

"వందనాలమ్మా. అందరు ఎందుకు కూడుకున్నరు?"

"పాట వినేటందుకు వచ్చినం అయ్యగారూ," అంది సత్యమ్మ. అందులో అబద్ధం లేదు కాబట్టి ఆమె గొంతు వణకలేదు.

"ఏదో వాసనొస్తుంది," అన్నాడు ఏసయ్య.

"మా చీరెలకు ఎప్పటికి ఉంటది పెద్దాయనా. కష్టం జేసుకునేటోళ్లం," అంది సాలవ్వ వియ్యంకుడి వైపు చూడకుండా.

కష్టం అనే మాట వినగానే పాస్టరుగారు కరిగిపోయి ప్రసంగం మొదలుపెట్టారు. అది ఎక్కడికి పోతుందో, ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. సాయంత్రానికి కార్ఖానాలో బీడీలు అప్పజెప్పాలి. ఈ ఆడవాళ్లు చూడకుండా చుట్టగలరు, టీవీ చూస్తూ చుట్టిన చేతులు అవి. ఒక్కొక్కరే కొంగు కింద పని మొదలుపెట్టారు. ముఖాలు అయ్యగారి మీద, వేళ్లు ఆకుల మీద. అయ్యగారికి కనిపించింది మాత్రం ఒడిలో చేతులు కదుపుతూ ప్రార్థిస్తున్న సంఘం. ఆయన ప్రసంగం మధ్యలోనే ఆపేశారు.

"బిడ్డా, ఒక పాట పాడు," అన్నారు రూత్‌తో.

సంపత్ డబ్బా మీదికి వంగాడు. ఇప్పుడు గిటారు ఒక్క పిచ్చి కూత కూసినా అందరూ ఉలిక్కిపడతారు, చాటలు కదులుతాయి. రూత్ ఊపిరి తీసుకునేలోగా భయంతోనే మరలు తిప్పేశాడు. తీగను గరగరలాడించే గీర పూర్తిగా తగ్గించాడు. ఎకో దాదాపు తీసేశాడు. కింద గుమ్‌మనే బరువు కోసేశాడు, పైన చెవిలో గుచ్చే పదును కోసేశాడు. మిగిలింది నడిమి గొంతు. ఒంటరిగా వింటే ముక్కుతో మాట్లాడినట్టుంటుందని ఇన్నాళ్లూ అతను తొక్కిపెట్టింది దాన్నే. దాన్ని కొంచెం పైకి తెచ్చి, మొత్తం మీద వాల్యూము రూత్ గొంతుకు ఒక మెట్టు కింద పెట్టి, కళ్లు మూసుకొని మీటాడు.

గిటారు వినబడింది. రూత్ మాట కూడా ప్రతిదీ వినబడింది. నిండిన మందిరంలో, చీరల మీద, చాపల మీద, ఆ సౌండు చక్కగా కుదురుకొని కూర్చుంది. చరణంలోకి వచ్చేసరికి ఆడవాళ్లు సన్నగా కూనిరాగం తీస్తున్నారు, కొంగుల కింద బీడీలు తాళం తప్పకుండా చుట్టుకుంటున్నాయి. సంపత్ బొటనవేలితో ఆ సెట్టింగును సేవ్ చేసుకున్నాడు.

అప్పుడే పాస్టరుగారు కళ్లు తుడుచుకొని, "అందరం లేచి నిలబడుదాం," అన్నారు.

ఎవరూ లేవలేదు. ఆయన మళ్లీ అన్నారు. ముందు వరసలో యాదవ్వ మొహమాటస్తురాలు, లేచింది. చాట బోర్లపడింది. ఆమెను పట్టుకోబోయి సత్యమ్మ లేచింది. ఆ తర్వాత వరసలు వరసలుగా ఆకులు, దారాలు, తంబాకు నేల మీదికి జారాయి, బీడీలు దొర్లుకుంటూ ప్రసంగ పీఠం దాకా పోయాయి.

"సంపత్," అన్నాడు ఏసయ్య. మిగతాది ఆయన కళ్లతో చెప్పాడు.

"లోడు కోసం మామా," అన్నాడు సంపత్. ఇంతకంటే వివరంగా చెప్పడం ఆ క్షణంలో ఎవరికైనా కష్టమే.

పాస్టరుగారు వంగి తన చెప్పు దగ్గర ఆగిన బీడీని తీసి వెలుతురులో తిప్పి చూశారు. "ఇది కార్ఖానల వాపస్ ఇస్తరు. మూతి సరిగ మలవలే," అన్నారు. అన్నాక నాలుక కరుచుకున్నారు. వాళ్లమ్మ బీర్కూర్‌లో బీడీలు చుట్టి ఆయన్ను చదివించిందని ఆ రోజుదాకా సంఘంలో ఎవరికీ తెలియదు. ముందు సాలవ్వ నవ్వింది, తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు.

సంపత్‌కు శిక్ష పడకపోలేదు. మందిరమంతా ఊడ్చి, కడిగి, చాపలు ఎండలో దులిపాడు. "పాట మంచిగుంది, తంబాకే మంచిగలేదు," అని పాస్టరుగారు తేల్చారు. ఏసయ్య మూతి ముడుచుకొనే, కామారెడ్డికి అల్లుడు రావడానికి ఒప్పుకున్నాడు.

కామారెడ్డిలో హాలు కిటకిటలాడింది. సంపత్ ముందుగా తొందరపడకుండా, జనం నిండాక, ఆ నిండిన హాల్లో మరలు ఒక వెంట్రుకవాసి సర్దుకున్నాడు. రూత్ పాడింది. రెండో చరణానికి ముందు ఖాళీ వచ్చింది. గిటారు ఒంటరిగా చెలరేగడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. స్టేడియం బటన్ అతని కుడికాలి పక్కనే ఉంది. ఎదురుగా నిజంగానే చేతులెత్తి ఊగుతున్న జనం ఉన్నారు. కాలు లేచింది. రూత్ ఇటు చూడలేదు, ఊపిరి తీసుకుంది. సంపత్ తీగ పట్టుకొని ఆగాడు. కాలు మెల్లగా నేల మీదికి దిగింది.

పాట అయ్యాక జనం రూత్‌ను చుట్టుముట్టారు. ఒక్కరూ గిటారు మాట ఎత్తలేదు. సంపత్ వైర్లు చుడుతుంటే ఏసయ్య వచ్చి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు, తర్వాత అల్లుడి వైపు తిరిగాడు.

"నువ్వు ఇయ్యాల వాయించినవా? నాకైతే బిడ్డ గొంతే వినబడ్డది."

అది పొగడ్తేనని సంపత్‌కు తెలుసు. అయినా ముల్లులా గుచ్చుకుంది, అబద్ధమెందుకు.

"నీకు వినబడలే బాపూ," అంది రూత్. "పాట పొడుగు నేను ఒరిగి నిలబడ్డది ఆ గిటారు మీదనే."

సంపత్ వంగి, అప్పటికే చుట్టేసిన వైరును విప్పి మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు.