తెలియదనడం నేర్పిన డాక్టరమ్మ

నందిగామలో స్కానింగ్ సెంటర్ నడిపిన డాక్టర్ సువార్తమ్మ గారు ప్రభువు పిలుపు అందుకున్నారన్న వార్త మొన్న గురువారం జగ్గయ్యపేటలో, క్లాసులో ఉండగా తెలిసింది. ఆ పాఠం ఎలా ముగించానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు బోధించే నాకు ఆ మహనీయురాలితో పరిచయం నా మూత్రపిండంలోని రాయి పుణ్యమే. నాకు స్కానింగ్ చేస్తూ చేస్తూ ఆవిడ కుడి భుజం పట్టుకుని ఆగిపోయారు. ఏళ్ల తరబడి రోగుల పొట్టలమీద స్కానింగ్ ప్రోబు నొక్కి నొక్కి అరిగిన భుజం అది.

"ఇది ఇంకెన్నాళ్లో పనిచెయ్యదండీ మాస్టారూ. నేను ఆపేస్తే చెవిటికల్లు లాంటి పల్లెటూరి కూలి మనిషి బెజవాడ దాకా పోవాలి. నా చేతికొచ్చిన పని ఓ మరచేతికి నేర్పగలరా?"

కడుపులో రాయి పెట్టుకుని కాదనే ధైర్యం నాకెక్కడిది? ఒప్పుకున్నాను.

ప్రోబు పట్టుకుని తనంతట తానే స్కాన్ చేసే మరచేయి తయారయ్యాక, అందులో చేసిన ప్రతి మార్పునూ ఆవిడ ముందు తన పొట్టమీదే పరీక్షించుకునేవారు. వద్దంటే వినరు. "నొక్కించుకోనిదే నొక్కడం రాదండీ" అనేవారు.

రాళ్లను గుర్తుపట్టడం నేర్పడానికి ఆవిడ దాచిన స్కానింగ్ బొమ్మలన్నీ కంప్యూటర్‌కిచ్చాం. అది ఒక్క రాయినీ వదలకుండా పట్టేసింది. నేను స్వీట్లు కూడా పంచేశాను. ఆవిడ మాత్రం అప్పుడే తీసిన బొమ్మ ఒకటి పెట్టి చూశారు. రాయి కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నా యంత్రం ఏమీ లేదంది! రాయి దొరికితే, కొలవడానికి దాని రెండు చివరలా ప్లస్ గుర్తులు పెట్టి బొమ్మ దాచడం ఆవిడ అలవాటు. యంత్రం రాయిని వదిలేసి ఆ గుర్తుల్ని నేర్చుకుంది; కొత్త బొమ్మలో అవి లేవు. నేను తల పట్టుకున్నాను.

"కాపీ కొట్టిన పిల్లకి సున్నా వేసి మళ్లీ చదివిస్తాం గానీ, బడి మూసేస్తామా?" అన్నారావిడ. ఆనాటి నుంచి గుర్తులు పెట్టకముందే ప్రతి బొమ్మనూ విడిగా దాచారు. ఆ నొప్పి భుజంతోనే, అకుంఠిత దీక్షతో, ఏళ్లపాటు.

ఆవిడ పెట్టిన మరో నియమం: తెలియనప్పుడు యంత్రం 'తెలియదు' అనాలి. నాకది చిన్నతనంగా తోచి వాదించాను.

"తెలీదంటే పెద్ద డాక్టరు దగ్గరికి పంపుతాం. తెలీకుండానే తెలుసంటే మనిషి పోతాడండీ" అన్నారు.

కిందటి నెల, జబ్బుతో చిక్కి సగమైన ఆవిడ మరచేతి కింద పడుకున్నారు. అది పొట్టంతా తడిమి, కాలేయం దగ్గర ఆగి, 'తెలియదు, డాక్టరుకు చూపండి' అని తెరమీద రాసింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ మాత్రం, "చూశారా మాస్టారూ, మన పిల్ల అబద్ధమాడలేదు" అని మురిసిపోయారు.

అటువంటి గురువు ఇక దొరకరు. ఆవిడ తలపెట్టిన పని సగంలోనే ఉంది. దాన్ని ఆపను. నిన్న మరచేతి ఒత్తిడి కాస్త సవరించాను. దాన్ని పరీక్షించడానికి, చొక్కా పైకెత్తి, ఆవిడ పడుకునే బల్లమీద నేనే పడుకున్నాను.