గరిటెడు కారంతో చైనా నూడుల్స్

నిన్న మా వంటింట్లో ఏం జరిగిందో వింటే మీరు నవ్వుతారు. నాకైతే ఇంకా ఆశ్చర్యం తీరలేదు. ముక్కు మంటా తగ్గలేదనుకోండి!

మా అత్తగారు మార్టూరు దగ్గర పల్లె నుంచి నల్లపాడులో ఉన్న మా ఇంటికి వచ్చారు. కోపం లేని మనిషి, మాటా తక్కువే. కానీ నా పెళ్ళయిన దగ్గర్నుంచి నా వంట తిని ఒక్కసారి కూడా "బాగుంది" అనలేదు. "ఊఁ, తినొచ్చు" అంటారు. అంతే! ఈసారి ఎలాగైనా ఆ మాట అనిపించుకోవాలని పంతం పట్టాను. మన వంటలన్నీ ఆవిడకి నాకంటే బాగా వచ్చు. అందుకని ఆవిడ ఎరగనిదే చేద్దామని ఫోన్లో ఒక చైనా ఆవిడ వీడియో చూశాను. ఉడికిన నూడుల్స్ నీళ్ళు వంచేసి, పైన వెల్లుల్లి, నువ్వులు, కారం వేసి, పొగలు కక్కే నూనె పోసింది. సర్రుమంది! అబ్బ, ఆ ఎరుపేంటి, ఆ మెరుపేంటి! నోరెళ్ళబెట్టి చూశాను.

ఆవిడ కారం రెండు స్పూన్లే వేసింది. స్పూన్లతో కారమేంటి, చోద్యం కాకపోతే! మనం గుంటూరు వాళ్ళం. ఆవకాయ కోసమని కొత్త మిరపకాయలు ఎండబెట్టి మిల్లులో ఆడించిన కారం ఉందిగా. డబ్బా తీసి గరిటె నిండా వేశాను.

"ఎక్కువైందేమో చూసుకోవే" అన్నారు మావారు.

"మీరూరుకోండి, నాకు తెలుసు" అని ఫుల్ కాన్ఫిడెన్స్‌తో నూనె పోశాను.

ఇక చూస్కోండి! ఇల్లంతా ఘాటు! మావారు తుమ్ముకుంటూ వరండాలోకి పరుగు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆయన వెనకే నేను. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. పై పోర్షన్ ఆవిడ దగ్గుతూనే మేడ మీంచి కేకేసింది.

"ఎవరికండీ దిష్టి తీస్తున్నారు? ఇంత ఘాటొచ్చిందంటే అసలు దిష్టే లేదులెండి!"

నా వంటకి దిష్టి ఎందుకు తగులుతుంది లెండి. అప్పుడు చూసుకున్నాను, అత్తయ్య బయటికి రాలేదు! పడిపోయారేమోనని లోపలికి పరిగెత్తాను.

చూద్దును కదా, ఆవిడ వంటింట్లో పీట మీద తాపీగా కూర్చుని ఉన్నారు. ఒక్క తుమ్ము లేదు, కంట్లో చుక్క నీరు లేదు! పళ్ళెంలో వేడన్నం, దాని మీద నా నూడుల్స్, ఆపైన నెయ్యి. కొత్త పచ్చడి కలిపినట్టు ఎర్రగా కలిపేసి ముద్ద మీద ముద్ద లాగించేస్తున్నారు. నేను ఒక్క పోగు నోట్లో వేసుకున్నాను. నషాళానికి అంటింది! ఆవిడేమో మంచినీళ్ళ వైపు కూడా చూడలేదు. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది, నిజంగా.

"ఎలా ఉందండీ అత్తయ్యా?" దగ్గు ఆపుకుంటూ అడిగాను.

వేళ్ళు నాక్కుని, పళ్ళెం ఖాళీ చేసి, "బాగుందమ్మాయ్!" అన్నారు.

అన్నారండీ! నా చెవులతో నేను విన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఘాటుకో, సంతోషానికో నాకే తెలీదు. మావారు గుమ్మంలో నిలబడి తుమ్ము మధ్యలో ఆపేసి మరీ చూస్తున్నారు.

అత్తయ్య లేచి చెయ్యి కడుక్కుంటూ అన్నారు. "ఈసారి చేసినప్పుడు ఆ దారాలు మటుకు వెయ్యకు."

మొత్తం ఆ గిన్నెలో నేను వండింది ఆ దారాలొక్కటేనండీ!