శెట్టిగారి ఎలుకకు కళ్ళు తెరిచిన రోజు

ఆ రోజుల్లో ఆళ్లగడ్డలో మా కొట్టం ముందు నుంచి వెళ్ళే బస్సుల్లో జనం కిటికీల్లోంచే దండాలు పెట్టుకుంటూ పోయేవాళ్ళు. వాళ్ళను అనడానికేం లేదు. సగం చెక్కిన వినాయకులు, ఇంకా తల రాని అమ్మవార్లు, తోక మాత్రమే తయారైన ఆంజనేయస్వాములు రోడ్డు పక్కన వరసగా నిలబడి ఉంటే ఎవరికైనా చెయ్యి దానంతట అదే లేస్తుంది. ఆ దండాల్లో ఒకటో రెండో నాకు కూడా అనుకుని నేనూ పెద్దరికంగా తల ఊపేవాణ్ణి. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. ఒళ్ళంతా రాతిదుమ్ము, బుర్ర నిండా గర్వం. అంత గర్వపడటానికి ఏం చెక్కావయ్యా అంటే పీఠాలు చెక్కాను. పీఠాలు, పీఠాల మీద తామరరేకులు, మళ్ళీ పీఠాలు. (మా జిల్లాలో ఏ దేవుడైనా నా పని మీదే నిలబడ్డాడని కనిపించినవాడికల్లా చెప్పుకునేవాణ్ణి.)

ముఖాలను మాత్రం మా నాయన ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇక కళ్ళ మాట ఎత్తనే కూడదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. విగ్రహం మొత్తం పూర్తయినా కంటి చోట ఉబ్బు వదిలేసి పంపిస్తాం. అది నిలవాల్సిన చోట నిలిచాక, దాని ముందు అద్దం పట్టి, అప్పుడు శిల్పి కళ్ళు తెరుస్తాడు. తొలిచూపు మనిషి తట్టుకోలేడట, అందుకని అద్దం. ఆ పని కోసం మా నాయన దగ్గర వేలెడంత ఉలి ఒకటి ఉండేది. ఎర్రగుడ్డలో చుట్టి పెట్టెలో దాచేవాడు. నేను ఆ పెట్టె వైపు చూస్తే చాలు, "ఏందీ, ఆడ సూస్తాండావ్? పీఠం అయిపాయనా?" అని గద్దించేవాడు. ఆ ఉలి చేతికి వస్తే నేను శిల్పిని, రాకపోతే జన్మంతా పీఠాలవాణ్ణి. ఆ వయసులో కుర్రాళ్ళకు ఉండే కోరికలన్నీ పక్కనబెట్టి నేను ఆ ఇనపముక్క కోసం కలలు కన్నానంటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఏం పర్లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నంద్యాల నుంచి ఒక శెట్టిగారు టిఫిన్ క్యారియరు పట్టుకుని మా కొట్టానికి వచ్చాడు. భోజనం తెచ్చుకున్నాడేమో అనుకున్నాం. నడిమి గిన్నె మూత తీసి, పంచె ముక్కలో చుట్టిన ఒక ఎలుకను బయటికి తీశాడు. ప్లాస్టిక్ ఇటుక ముక్కలు ఒకదానిలో ఒకటి టక్కున ఇరికించి కట్టిన జానెడు బొమ్మ. పాతకాలపు కార్టూన్ల ఎలుక. పెద్ద చెవులు, మెడకో ఎర్ర రుమాలు, ముందుకు ఒకే ఒక్క పన్ను. అలాంటి బొమ్మలను ఆయన బావమరిది సింగపూర్ నుంచి తెచ్చి ఇచ్చేవాడట. పిల్లి, బాతు, కుందేలు, ఎలుగుబంటి, అన్నీ అద్దాల బీరువాలో కొలువుదీరి ఉండేవి. పిల్లలు బీరువా మీద చెయ్యి వేస్తే అంత లావు మనిషీ పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. శుక్రవారం పూట ఆయనే కూర్చుని వాటిని విప్పి, తుడిచి, మళ్ళీ కట్టేవాడు. (ఒకసారి పొరపాటున పిల్లి తోక బాతుకు పెట్టి, ఆ బెంగతో అన్నం సహించక పడుకున్నాడని వాళ్ళమ్మే తర్వాత మాతో చెప్పింది.)

"ఆచారీ, బొమ్మల అంగడి తెరుస్తాండా. అచ్చం ఇట్లాంటిదే నల్లరాతిలో మనిషెత్తు కావల్ల. అంగడి ముందర నిలబెడతా" అన్నాడు శెట్టిగారు.

మా నాయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం దేవుడు శెట్టీ ఇది?"

"దేవుడు కాదప్పా, ఎలక! టీవీలో వస్తాదే, కార్టూన్ ఎలక. చిట్టిగాడని నేనే పేరు పెట్టుకున్న్యా."

"మరి ఒళ్ళంతా ఈ పొక్కులేంది? అమ్మవారు పోసిందా?"

"ఇటుకలప్పా అవి! ఇటుక మీద ఇటుక ఎక్కేదానికి బొడిపెలు. ఆ బొడిపెలు, ఆ అతుకులు గూడా ఉన్నవి ఉన్నట్ల రావల్ల."

మా నాయన దారం తీసి కొలిచాడు. మాకు ముఖం పొడుగే కొలత, దాన్నే తాలం అంటాం. "తలకాయ ఒక తాలం, తక్కిన ఒళ్ళంతా కలిపి ఇంగొకటి. బొజ్జ వినాయకునికే ఐదు తాలాలప్పా! రెండు తాలాల శాల్తీని మా తాత గూడా చెక్కలే" అని దారం చుట్టేసి నా వైపు తిరిగాడు. "ఇది దేవుడు కాదు గదా, చెడగొట్టినా దోషం లేదు. నువ్వు చెయ్‌రా." ఇంత గొప్ప దీవెన పొందిన శిల్పి ఈ భూమ్మీద ఇంకొకడు ఉండడు. నేను మాత్రం లోపలికి పోయి మా అమ్మను ఎత్తి గిరగిరా తిప్పేశాను.

పని మొదలయ్యాక తెలిసింది అసలు తంటా. అతుకు కనిపిస్తే విగ్రహం పనికిరాదనేది మా వృత్తి. చిన్న పగులు ఉందంటే రాయినే పారేస్తాం. అలాంటిది నేను గుండులాంటి ఏకశిలను తీసుకుని, దాని మీద లేని అతుకులను పనిగట్టుకుని గీస్తున్నాను. ఒక్కో ఇటుక, ఒక్కో బొడిపె. అది మా నాయన కంట పడింది. "రేయ్, మంచి రాయి కోసం క్వారీలెంబడి కాళ్ళరిగేలా తిరుగుతామే, దాంట్లో నువ్వు ఇటుకలు పేరుస్తాండావా! థూ!" అని తన పీటను ఎలుకకు వీపు వచ్చేలా తిప్పుకుని కూర్చున్నాడు. మా అమ్మ ఒక్కతే మెచ్చుకుంది. ఎలుక నెత్తి చదునుగా ఉందని, బొడిపెల మధ్య వడియాలు జారకుండా ఎండుతున్నాయని.

చివరికి కళ్ళు తప్ప అంతా పూర్తయింది. ధైర్యం చేసి అడిగాను. "నాయనా, కార్టూన్ ఎలకే గదా. రెండు సున్నాలు చుట్టేస్తే పోలా? ఈడే తెరిచేస్తా."

"కన్నంటే కన్నేరా, ఎలకదైతేనేం, ఏనుగుదైతేనేం. నువ్వు ముందర ట్రాక్టరులో తోలుకపో. నేను బస్సుకొచ్చి తెరుస్తా" అన్నాడు. ఉలి పెట్టెలోనే ఉండిపోయింది. నేను ట్రాక్టరులో ఎలుక పక్కన, మా ఇద్దరిలో ఎవరికి పెళ్ళి చూపులో తెలియనంత దిగులుగా ముఖం పెట్టుకుని నంద్యాల చేరాను.

అంగడి ముందు జనం, పిల్లలు, మేళం. శెట్టిగారు తన గల్లాపెట్టెకు కనబడేలా అంగడి వైపు ముఖం పెట్టించిన చిట్టిగాడి మీద పసుపు గుడ్డ. మా నాయన బస్సు మాత్రం జాడ లేదు. ముహూర్తం దాటిపోతోందని శెట్టిగారికి కాలు నిలవక, నేను "ఆగండి, ఆగండి" అంటున్నా వినకుండా గుడ్డ గుంజేశాడు. మనిషెత్తు నల్లటి ఎలుక. కళ్ళు లేవు. మేళం ఆగిపోయింది. ముందు వరసలో ఒక పిల్లాడు కెవ్వుమన్నాడు, ఆ వెంటనే అందరూ అందుకున్నారు.

"కండ్లేవిరా?" అని అరిచాడు శెట్టిగారు.

"లోపలుండాయి శెట్టిగారూ. తెరవల్ల."

"తెరిచేదేందిరా, ఇదేమన్నా సోడాబుడ్డా?"

అప్పుడు లోపలి నుంచి వాళ్ళమ్మ, ఆ అవ్వ, కర్ర తాటించుకుంటూ వచ్చింది. "నోర్ముయ్‌రా. కన్ను తెరవకముందే గుడ్డ గుంజితివే, బుద్ధుండాదా నీకు?" అని కొడుకును కడిగేసి, నాతో "ఏం గావల్లో చెప్పు బిడ్డా" అంది. అద్దం కావాలన్నాను. అంగడంతా వెతికితే దొరికింది ఆటబొమ్మ అద్దం ఒక్కటే. గులాబీ రంగుది, పిడి నొక్కితే కీచుమంటుంది. దాన్ని శెట్టిగారి చేతికిచ్చి ఎలుక ముఖానికి ఎదురుగా నిలబెట్టాం. ఆయన చెయ్యి వణికినప్పుడల్లా అది కీచు, కీచు.

అంతలో మా నాయన వచ్చాడు. శిరివెళ్ల దగ్గర బస్సు టైరు పగిలిందట. జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఎర్రగుడ్డ విప్పి ఉలి తీశాడు. ఎలుకను చూశాడు, నన్ను చూశాడు. జేబులు తడుముకున్నాడు. "కండ్లజోడు మర్సిపొయినా రా. నాకు ఆనదు. నువ్వే తెరువు" అన్నాడు.

కళ్ళజోడు ఆయన నెత్తిమీదే ఉంది. నాకు కనబడుతూనే ఉంది. "నాయనా, నెత్తిమీద..." అన్నాను.

"నోరు మూసుకోని ఉలి పట్టుకోరా!"

పట్టుకున్నాను. రెండు సున్నాలు చుట్టడమే నా పని. కానీ చిన్నప్పటి నుంచి నాయన భుజం మీంచి తొంగిచూసి నేర్చుకున్న కళ్ళు ఒకటే రకం, దేవుడి కళ్ళు. చెయ్యి నా మాట వినలేదు. వెనక్కి జరిగి చూసుకుంటే, ఒంటిపన్ను కార్టూన్ ఎలుకకు తామరరేకుల్లాంటి పొడుగాటి కళ్ళు, కొంచెం వాలిన రెప్పలు, లోకమంతటి మీదా దయ. పిల్లలు ఏడుపు ఆపేశారు. అద్దం చాటు నుంచి తల బయటపెట్టిన శెట్టిగారు అక్కడే బిగుసుకుపోయి, "ఏందప్పా, నన్నట్ల సూస్తాంది?" అన్నాడు. కీచు. అవ్వ చెంపలు వేసుకుని ఎలుక నెత్తిమీద బొడిపెపై కర్పూరం వెలిగించింది. ఎవరో టెంకాయ కొట్టారు.

ఆ తర్వాత జరిగింది నంద్యాలలో కాక ఇంకెక్కడా జరగదు. చుట్టూ తొమ్మిది నందులున్న ఊరు. నంది చెవిలో కోరిక చెప్పుకోవడం అక్కడి వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. అంతలేసి చెవులున్న ఎలుక రోడ్డు మీద కనిపిస్తే ఊరుకుంటారా? పరీక్షల పిల్లలు, సంబంధాలు కుదరనివాళ్ళు, గడివేముల నుంచి వాన కోసం రైతులు, అందరూ చెప్పులు విడిచి వచ్చి చిట్టిగాడి చెవిలో గుసగుసలాడేవాళ్ళు. బొడిపె బొడిపెకూ కుంకుమబొట్టు. "దాని కండ్లల్లో పడితే బేరం ఆడేదానికి నోరు రాదప్పా" అని శెట్టిగారు మొత్తుకుని, నాలుగు నెలలకే ఎలుకను వీధి వైపు తిప్పించుకున్నాడు. నాకైతే ఆ ఏడాదే మా నాయన ఒక అమ్మవారి ముఖం అప్పజెప్పాడు. కళ్ళతో సహా.

మా నాయన ఇప్పుడు లేడు. ఆ ఉలి నా పెట్టెలో ఉంది. ఆ రోజు కావాలనే మర్చిపోయినట్టు నటించి నన్ను శిల్పిని చేశాడని నేను ఇన్నేళ్ళూ నమ్మాను, చెప్పి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. మొన్న నంద్యాల పోయినప్పుడు చిట్టిగాణ్ణి చూద్దామని ఆగాను. కుంకుమ కింద నా గీతలు ఎలా ఉన్నాయో చూసుకోవాలని కళ్ళజోడు కోసం చొక్కా జేబు, ప్యాంటు జేబు, సంచి, అన్నీ వెతుకుతున్నాను. అంగడిలో పనిచేసే పిల్ల కాసేపు చూసి, "నెత్తిమీద ఉండాది సార్" అంది.

అక్కడే కూలబడి చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత చెప్పులు విడిచి, నేను చెక్కిన ఆ ఎలుక చెవి దగ్గరికి పోయి అడిగాను. "నిజం చెప్పు చిట్టిగా. ఆ పొద్దు మా నాయన నిజంగానే మర్సిపొయినాడా?" వాడు నా వైపు అదే దయతో చూస్తూ ఉన్నాడు.