చీటీ మార్చిన నాలుగు స్లైడ్లు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, జూన్ నెలలో, బాపట్లలోని మా కళాశాల జంతుశాస్త్ర విభాగానికి నన్ను అధిపతిని చేశారు. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లేవాణ్ణి. అప్పటికి నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఎస్తేరు చివరి దశలో ఉంది. వాళ్లది రేపల్లె.

ఆమె పని పండ్ల ఈగల మీద. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలవి. ఈగ ఇంకా ప్యూపా గూటిలో ఉండగానే దాని నాడీకణాలు పెరుగుతుంటాయి. ఆ కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా మామూలుగా పొట్టి కడ్డీల్లా ఉంటాయి. వాటిని విడగొట్టే జన్యువు చెడితే, ఒకదానికొకటి అతుక్కుని దారాల్లా సాగుతాయి. స్లైడును మైక్రోస్కోపు కింద పెట్టి, పొట్టి, మధ్యరకం, పొడుగు అని కంటితో తేల్చి పట్టికలో వేయాలి. సగం స్లైడ్లు ఆమె చూసింది, సగం నేను.

ఆమె పట్టికలు నాకు అనుమానం తెప్పించాయి. ఎంత జాగ్రత్తగా చేసినా ఒకటో రెండో స్లైడ్లు మొండికేస్తాయి. ఆమెవి ఒక్కటీ దారి తప్పలేదు. మామూలు ఈగదో, జన్యువు చెడినదో చెప్పే చీటీ స్లైడు మీద చదివి, దానికి తగ్గట్టు అంకెలు వేస్తోందనుకున్నాను. ఆమెను అడగలేదు. నోటుపుస్తకంలో దిద్దుళ్లు వెతికాను. మైక్రోస్కోపు రిజిస్టరులో ఆమె సంతకాలు, వేళలు సరిచూశాను. ఏమీ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. ఒకరోజు ఆమె భోజనానికి వెళ్లినప్పుడు, ఇంకా చూడని నాలుగు స్లైడ్ల చీటీలు ఊడదీసి తారుమారు చేశాను. చీటీని నమ్మి రాస్తే దొరికిపోతుందని నా ఆలోచన.

రెండు రోజుల తర్వాత నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏంటమ్మా?" అన్నాను.

"నాలుగు స్లైడ్లు అడ్డం తిరిగాయి సార్. పొడుగువి ఉండాల్సిన చోట పొట్టివి ఉన్నాయండి. ఈగల సీసాలే కలిసిపోయాయేమో. అలాగైతే పాత లెక్కలు కూడా నమ్మలేమండి. సెమినార్ వాయిదా వేయమని ఆఫీసులో కాగితం ఇచ్చొచ్చాను."

ఆ సెమినార్ అయితేనే థీసిస్ ఇవ్వడానికి వీలుంటుంది. వాయిదా పడితే ఏడాది పోయినట్టే. నేను చేసింది చెప్పాను.

"అనుమానముంటే నన్నే అడగాల్సిందండి," అంది. రంగు సరిగా పట్టని స్లైడ్లను లెక్కకు ముందే తీసేసి మళ్లీ చేసేదాన్నని, అందుకే పట్టికలు అంత శుభ్రంగా ఉన్నాయని చెప్పింది. తర్వాత అడిగింది: "మీరు చూసిన స్లైడ్ల మీదా చీటీలున్నాయి కదండి. వాటినెవరు పరీక్షించారు?"

మర్నాడు ఆమె నా స్లైడ్ల చీటీలన్నిటి మీదా తెల్లకాగితం అతికించి, నంబర్లు వేసి, జాబితా తన దగ్గరే ఉంచుకుంది. మళ్లీ చూశాను. జన్యువు చెడిన ఈగల్లో నేను పొడుగు కింద వేసినవి చాలావరకు మధ్యరకమే. ఫలితం నిలిచింది గాని, నేను రాసినంత పెద్దది కాదు. ఈ ఫలితాలతో అప్పటికే పరిశోధన పత్రికకు పంపిన వ్యాసాన్ని వెనక్కి తీసుకుని అంకెలు దిద్దాను. సెమినార్ వాయిదా కాగితాన్ని నేనే ఆఫీసుకు వెళ్లి వెనక్కి తెచ్చాను. థీసిస్ సమయానికి వెళ్లింది. ఆ వారం నుంచి ఎస్తేరు తన స్లైడ్ల పెట్టెకు తాళం వేసుకోసాగింది.

చాటుగా పెట్టిన ఆ పరీక్షలో ఆమె ఎలాంటిదో నాకు తెలిసింది, నేనెలాంటివాణ్ణో ఆమెకు తెలిసింది. లెక్కించే మనిషికి చీటీ కనపడకూడదు, ఆ సంగతి అందరికీ ముందే తెలిసి ఉండాలి. విభాగంలో అది నియమంగా రాయించి, కింద మొదటి సంతకం నేను చేశాను.