మావాడి బేస్‌బాల్ బ్యాగు

మావాడు బేస్‌బాల్ ఆడతాడు. వేసవిలో టీముతో టూర్లకు పంపిస్తే పిల్లలు కాలేజీకి తయారైపోతారనీ, ఎవరి పనులు వాళ్ళు చేసుకోవడం వస్తుందనీ మేముండే దోహాలో వాళ్ళ కోచ్ చెప్పాడు. ఆయన పంపమన్నది పిల్లల్నే. నేనూ మా ఆవిడా కూడా లీవు పెట్టి వెంట వెళ్ళాం.

మొదటి టూర్ దుబాయ్‌కి. నిజామాబాద్ దగ్గర పల్లెలో ఉండే మా అత్తగారికి గల్ఫంతా దుబాయే. ఫోన్లో చెబితే, "దుబాయ్‌ల ఉండుకుంట మళ్ల దుబాయ్ పోవుడేంది బిడ్డా?" అన్నారు. కాలేజీ అడ్మిషన్ల సంగతి ఆవిడకేం తెలుసులే అని నవ్వుకున్నాను.

ఆ వేసవంతా వాడు బంతిని బాదాడు. బ్యాట్లూ హెల్మెట్టూ కుక్కిన ఆ బండబ్యాగు నేను మోశాను. వాటర్ బాటిల్ మూత తీసిచ్చాను, బూట్ల లేసులు కట్టాను. మా ఆవిడ ఫోన్లో వీడియోలు తీసింది. వాటిలో మంచివి ఏరి, ఆట చూసి సీటిచ్చే ఒక కాలేజీ కోచ్‌కి పంపాం.

వారానికి జవాబు వచ్చింది. "అబ్బాయి బాగా ఆడుతున్నాడు. ప్రతి వీడియోలోనూ వెనక బ్యాగుతో ఒకాయన కనిపిస్తున్నారు. మా హాస్టల్లో ఆయనకు గది ఇవ్వలేం."

నాకు ఒళ్ళు మండిపోయింది. దాన్ని ప్రింటు తీసి, అల్ తుమామా గ్రౌండులో ప్రాక్టీసుకు కారు దిగుతుండగా మావాడి చేతిలో పెట్టి, "చదువు. సిగ్గు తెచ్చుకో" అన్నాను.

వాడు శ్రద్ధగా చదివాడు. నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చాడు.

"డాడీ, ఇది నా బ్యాగుల వెయ్యి."

బ్యాగు అప్పటికే నా భుజాన ఉంది.